డీజిలు తాగని ఓడకూ కూరగాయలు కావాలండి

ఉప్పాడలో ఏ బోటు యజమానినైనా కదిపి చూడండి. చేపలెన్ని పడ్డాయన్నది ఆఖర్న చెబుతాడు, డీజిలు ఎంతయిందో ముందు చెబుతాడు. వేటకి బయల్దేరేటప్పుడు లెక్కంతా దాని చుట్టూనే. ఎంత డీజిలు పోయించాలి, ఎన్ని ఐసు దిమ్మలు ఎక్కించాలి, ఆ రెండూ అయిపోయేలోగా ఎంత దూరం పోయి తిరిగి రాగలం? చేప ఎక్కడుందో గంగమ్మ తల్లికే తెలియాలి గానీ, బోటు ఎక్కడిదాకా వెళ్తుందో మాత్రం డీజిలు ట్యాంకే చెప్పేస్తుంది. ప్రభుత్వం లీటరుకి 9 రూపాయల సబ్సిడీ ఇచ్చినా, ఖాళీ వలతో తిరిగొచ్చిన రోజున ఆ తొమ్మిదీ కంటికి ఆనవు.

అలాంటి చోట కూర్చుని, “పాతికేళ్ళపాటు ఇంజనుకి ఒక్క చుక్క ఆయిలు పోయించక్కర్లేని ఓడ ఉందండి” అని చెప్పారనుకోండి. “ఆయ్, ఎక్కడ అమ్ముతారండి బాబూ అదీ?” అని అడిగేస్తారు. అమ్మరు. అది అణుశక్తితో నడిచే విమానవాహక నౌక. లోకం మొత్తం మీద రెండే దేశాల దగ్గరున్నాయి, అమెరికా దగ్గరా, ఫ్రాన్సు దగ్గరా. దానితో మనకేం పని అంటారా? పని ఉంది. ఒకసారి అది మన సముద్రంలోకి పిలవని పేరంటంగా వచ్చింది. ఇంకోసారి పిలిస్తే వచ్చింది. ఇక దాని గుండెకాయ లాంటిదాన్ని, చిన్న సైజులో, మన విశాఖపట్నంలోనే ఓడలో బిగించారు. కాబట్టి కాసేపు ఆ కబుర్లు చెప్పుకుందాం.

పిలవని పేరంటం 1971 డిసెంబరులో. తూర్పు పాకిస్తాన్ యుద్ధం ముగియవచ్చిన రోజుల్లో అమెరికా తన ‘ఎంటర్‌ప్రైజ్’ని మలక్కా జలసంధి దాటించి బంగాళాఖాతంలోకి పంపింది. ప్రపంచంలో మొదటి అణు విమానవాహక నౌక అదే. లోపల ఒకటీ రెండూ కాదు, ఎనిమిది రియాక్టర్లు. మన పక్క ఉన్నది పాత ‘విక్రాంత్’. తమాషా ఏమిటంటే రెండూ నౌకాదళంలో చేరింది ఒకే ఏడాది, 1961లో. కానీ విక్రాంత్ పుట్టుక అంతకు చాలా ముందుది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ళు మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఓడని 1957లో మనం కొనుక్కుని పూర్తి చేయించుకున్నాం. ఇరవై వేల టన్నుల లోపుది. పైగా యుద్ధం వచ్చేసరికి దాని బాయిలర్లలో ఒకటి బీటలిచ్చి ఉంది. పూర్తి వేగం అందుకోలేదు.

ఆ విక్రాంత్‌ని ముంచడానికే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ముంగిటికి వచ్చింది. ఆ కథ సినిమాగా చూసినవాళ్ళు చాలామందే ఉంటారు. నిజానికి విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు దాక్కుని ఉంది. అది విశాఖలోనే ఉందని శత్రువుని నమ్మించాలి. అందుకు తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ చేసిన పనుల్లో ఒకటి నాకు భలే నచ్చుతుంది. రాజ్‌పుత్ అనే పాత ఓడ చేత వైర్‌లెస్‌లో విక్రాంత్‌లా మాట్లాడించడం ఒకటైతే, ఊళ్ళో కాంట్రాక్టరుకి మాంసం, కూరగాయలు పెద్దయెత్తున పురమాయించడం రెండోది. వెయ్యిమందికి పైగా తినే ఓడ రేవులో ఉందంటే బజారులో తెలియకుండా ఉంటుందా? గూఢచారి సముద్రం కేసి చూడక్కర్లేదు, కూరగాయల బజారు కేసి చూస్తే చాలు. డిసెంబరు 3, 4 మధ్య రాత్రి ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది. తేలిన శకలాలు ముందు కంటబడింది మన మత్స్యకారులకే. అది ఎలా మునిగిందన్న వాదన నేటికీ తెగలేదు, మనం అందులోకి దిగొద్దు. ఆ కూరగాయల పురమాయింపు మాత్రం గుర్తుంచుకోండి, దానితో పనుంది.

మరి బీటలిచ్చిన బాయిలరుతో విక్రాంత్‌కి ఎందుకంత ఇబ్బంది? ఓడ కొంచెం నిదానంగా వెళ్తే కొంపలేం మునుగుతాయి? ఇక్కడే విమానవాహక నౌక రహస్యమంతా ఉంది. విమానం లేవాలంటే రెక్కల కింద గాలి జోరుగా పారాలి. నేలమీద అయితే మైళ్ళ పొడుగు రన్‌వే ఇచ్చి, “పరిగెత్తవయ్యా” అంటాం. ఓడమీద చోటెక్కడిది? అందుకని ఓడే ఎదురుగాలిలోకి తిరిగి శాయశక్తులా పరిగెడుతుంది. ఓడ గంటకి 55 కిలోమీటర్లు పోతూ, ఎదురుగా 20 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, విమానం కదలకుండా నుంచున్నప్పుడే దాని రెక్కలకి 75 కిలోమీటర్ల గాలి తగులుతోందన్నమాట. ఇది ఊరికే వచ్చిన వేగం. ఓడ జోరు తగ్గితే ఆ ఊరికే వచ్చేది తగ్గుతుంది. అప్పుడు విమానం బాంబులైనా తగ్గించుకోవాలి, ఆయిలైనా తగ్గించుకోవాలి. గాలి పడిపోయిన రోజున అసలు లేవకుండా కూర్చోవాలి. అంత ఇబ్బందిలోనూ డిసెంబరు 4న విక్రాంత్ మీంచి సీ హాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. దాని ఇంజను గదిలో పనిచేసినవాళ్ళకి వేయి దండాలు పెట్టాలి.

బాయిలర్ల గొడవ మనల్ని ఆ ఒక్కసారితో వదల్లేదు. రష్యా నుంచి ‘విక్రమాదిత్య’ను తెచ్చుకునే ముందు, 2012లో సముద్రంలో పరీక్షిస్తుంటే ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. లోపల వేడికి ఆగాల్సిన ఇటుకలు ఆగలేదు. ఓడ చేతికి రావడం మరో ఏడాది వెనక్కి పోయింది. ఇన్ని అవస్థలు చూశాక, ఆయిలు మండించడం మానేసి అణువుని పట్టుకుందామన్న ఆశ పుట్టడంలో వింతేముంది?

అయితే చాలామంది అనుకునే ఒక మాట ముందు సర్దుకుందాం. అణు ఓడ అంటే ప్రొపెల్లరుని అణువే తిప్పేస్తుందని కాదు. తిప్పేది ఆవిరే. విక్రాంత్‌లో నీళ్ళు కాచడానికి ఆయిలు మండింది, ఎంటర్‌ప్రైజ్‌లో యురేనియం కాగింది, తేడా అంతే. మన ఇళ్ళల్లో గడ్డకట్టిన నెయ్యి గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెడతాం కదా. నీళ్ళు నేతిలో కలవవు, వేడి మాత్రం లోపలికి పోతుంది. ఈ రియాక్టర్ల పద్ధతీ అదే. యురేనియం చుట్టూ తిరిగే నీళ్ళు ఒక వలయం. విపరీతమైన ఒత్తిడిలో బిగించి ఉంచడం వల్ల ఎంత కాగినా అవి మరగవు. ఆ వేడిని సన్నటి గొట్టాల గోడల్లోంచి రెండో వలయంలో నీళ్ళు అందుకుంటాయి, అవి ఆవిరవుతాయి. ఆ ఆవిరి టర్బైన్లని తిప్పుతుంది, టర్బైన్లు ప్రొపెల్లర్లనీ, జనరేటర్లనీ తిప్పుతాయి. అణుధార్మికత మొదటి వలయం దాటి రాకూడదు. మొత్తం కట్టుబడి అంతా ఆ ఒక్క నియమం కోసమే.

సరే, డీజిలు ఖర్చు మిగలడం తప్ప దీనివల్ల ఓడకి ఒరిగేదేమిటి? ఒక్కొక్కటే చెప్పుకొస్తాను వినండి. ఓడ గీసే ఇంజనీరుకి ఇది పండగ.

మొదటిది, పొగగొట్టం ఉండదు. ఇది చిన్న సంగతి అనుకునేరు. ఆయిలు మండించే ఓడకి గాలి లోపలికి లాక్కునే పెద్ద పెద్ద గొట్టాలు, పొగ బయటికి పంపే గొట్టాలు కావాలి. అవి అడుగునుంచి పైదాకా అంతస్తులన్నీ చీల్చుకుంటూ వస్తాయి, విమానాలు పెట్టుకునే హ్యాంగర్లో చోటు తినేస్తాయి. పైకొచ్చాక ఆ వేడి పొగ ఓడ వెనకాల గాలిని కలిపేస్తుంది. సరిగ్గా ఆ గాలిలోంచే పైలట్ దిగాలి. అణు ఓడలో ఈ బాధ లేదు. డెక్కు మీద కుడిపక్కన నిలబడే గోపురాన్ని చిన్నది చేసుకోవచ్చు, కావలసినంత వెనక్కి జరుపుకోవచ్చు. అమెరికా వాళ్ళ కొత్త ఓడ ‘జెరాల్డ్ ఫోర్డ్’లో అదే చేశారు. ముందటి ‘నిమిట్జ్’ తరగతి ఓడలకన్నా గోపురం చిన్నదై, బాగా వెనక్కి పోయింది. ముందు భాగంలో విమానాలకి ఆయిలు పోసుకోవడానికీ, బాంబులు తగిలించుకోవడానికీ చోటు దొరికింది.

రెండోది, ఓడ ఆయిలు మొయ్యక్కర్లేదు కాబట్టి ఆ చోటంతా విమానాల ఆయిలుకి పోతుంది. నిమిట్జ్ తరగతి ఓడ కోటి లీటర్ల పైచిలుకు విమాన ఇంధనం మోస్తుంది. మూడోది, మంచినీళ్ళు. ఉప్పునీటిని ఆవిరి చేసి రోజుకి 15 లక్షల లీటర్ల దాకా మంచినీళ్ళు తీసుకోగలదు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని బిందెడు మంచినీళ్ళ కోసం వరస కట్టే తీరగ్రామాల వాళ్ళకి ఈ సంగతి చెబితే, రియాక్టరు మాకొద్దు గానీ ఆ నీళ్ళ మిషను ఇప్పించండి అంటారు.

నాలుగోది అసలైనది, కరెంటు. ఫోర్డ్‌లో ఉన్నవి రెండు రియాక్టర్లే. కానీ కరెంటు మాత్రం నిమిట్జ్‌కి దాదాపు మూడింతలు తీస్తాయి. ఎందుకంత? విమానాన్ని విసరడానికి.

విమానాన్ని ఓడమీంచి ఎలా విసురుతారో దగ్గర్నించి చూద్దాం. డెక్కులో ఒక సన్నటి గాడి ఉంటుంది, దాదాపు 90 మీటర్ల పొడుగు. విమానం ముందుచక్రం దగ్గరున్న కడ్డీని, ఆ గాడిలో కదిలే బండికి తగిలిస్తారు. పాత పద్ధతిలో గాడి కింద ఆవిరి పిస్టన్లు ఆ బండిని ఒక్క ఊపున లాగుతాయి. రెండు మూడు సెకన్లలో ఇరవై టన్నుల పైబడ్డ విమానం గంటకి 250 కిలోమీటర్లు అందుకుంటుంది. ఫోర్డ్‌లో ఆవిరి తీసేసి విద్యుదయస్కాంతాలు పెట్టారు. గిర్రున తిరిగే చక్రాల్లో ముప్పావు నిమిషం పాటు శక్తి పోగేసి, ఆ మొత్తాన్ని రెండు మూడు సెకన్లలో వదిలేస్తారు. ఆవిరితో తోపుని అంత సన్నగా సర్దలేం. కరెంటుతో బరువైన విమానానికి గట్టిగా, తేలికైన డ్రోనుకి మెల్లగా తోపు ఇవ్వొచ్చు. విమానం ఒళ్ళు కూడా అంతగా హూనమవదు. అయితే కొత్త మిషను పేచీలు కొత్త మిషనువి. మొదట్లో తరచూ మొరాయించేది. 2017లో ట్రంప్ గారు, ఆవిరికే తిరిగి వెళ్ళండని కసురుకున్నారు కూడా. ఆయుధాలు పైకి తెచ్చే 11 లిఫ్టుల్లో ఆఖరిది పనిలోకి వచ్చేసరికి 2021 అయిపోయింది. ఓడ నౌకాదళంలో చేరింది 2017లో అని గుర్తుంచుకోండి.

ఇక దిగడం. డెక్కుకి అడ్డంగా ఉక్కు తాళ్ళు కట్టి ఉంటాయి, నిమిట్జ్‌లో మూడో నాలుగో, ఫోర్డ్‌లో మూడు. విమానం తోకకున్న కొక్కెం అందులో ఒకదాన్ని పట్టుకోవాలి. చక్రాలు డెక్కుని తాకగానే పైలట్ ఏం చేస్తాడనుకుంటున్నారు? బ్రేకు వేస్తాడనుకుంటాం. లేదండి, ఇంజను పూర్తి జోరుకి తోసేస్తాడు! కొక్కెం తాడుకి తగిలిందా సరే సరి, తాడే లాగి ఆపుతుంది. తగల్లేదా, ఆ జోరుతోనే మళ్ళీ గాల్లోకి లేచిపోవాలి, ఆగి ఆలోచించే వ్యవధి లేదు. అలా లేచిపోవడానికి దారి ఖాళీగా ఉండాలనే దిగే దారిని ఓడకి కాస్త ఏటవాలుగా, ఎడమకి తిప్పి గీశారు. ముందున్న విమానాలు తగలవు. ఈ ఏటవాలు డెక్కూ, ఆవిరితో విసిరే యంత్రమూ, పైలట్‌కి దారి చూపే అద్దమూ, మూడూ బ్రిటన్ వాళ్ళ బుర్రలోంచి పుట్టినవే. మూటిని వాళ్ళ కన్నా బాగా వాడుకున్నది అమెరికా.

మన కొత్త విక్రాంత్‌లో విసిరే యంత్రం లేదు. ముందు భాగం 14 డిగ్రీల వాలుతో పైకి లేచి ఉంటుంది. మిగ్-29కె యుద్ధవిమానం తన జోరుతోనే పరిగెత్తి ఆ ఎత్తు మీంచి గాల్లోకి ఎగిరిపోతుంది. ఖర్చు తక్కువ, చెడిపోయే సరంజామా తక్కువ. కానీ నిండు బరువుతో లేవలేదు. పెద్ద రాడారు మోసే విమానం అసలే లేవలేదు, ఆ పనికి హెలికాప్టరుతో సరిపెట్టుకోవాలి. ఇక్కడ కూడా లెక్క తేలేది ఓడ దగ్గరున్న శక్తి దగ్గరే.

ఇప్పుడు మీరు, “ఇన్ని లాభాలుంటే అందరూ అదే కట్టుకోవచ్చు కదా” అంటారు. వస్తున్నా అక్కడికే. 1971 కూరగాయలు గుర్తున్నాయా?

నిమిట్జ్ తరగతి ఓడమీద విమానాల వాళ్ళతో కలిపి అయిదు వేల మంది. రోజుకి 15 వేల పైచిలుకు భోజనాలు. రియాక్టరు పాతికేళ్ళు ఆగకుండా పనిచేస్తుంది గానీ, టమాటా వారం ఆగదు. వారం పదిరోజులకోసారి సరుకుల ఓడ పక్కకి రావాలి. రెండూ పక్కపక్కనే పరిగెడుతుంటే మధ్యలో తాళ్ళు కట్టి బియ్యమూ, గుడ్లూ, బాంబులూ, విమానాల ఆయిలూ ఎక్కించాలి. కోటి లీటర్ల ఆయిలు విన్నప్పుడు చాలా అనిపిస్తుంది. యుద్ధం పనిలో పడితే రోజుల్లో ఖాళీ. ఇంకో చిత్రం చూడండి. ఈ ఓడకి కాపలాగా చుట్టూ వచ్చే డిస్ట్రాయర్లన్నీ ఆయిలుతో నడిచేవే. వాటి ట్యాంకులు నిండకపోతే ఈ మహారాణి ఒంటరిగా పోలేదు. అంటే రియాక్టరు తెంపింది ఓడని ఒడ్డుకి కట్టిన తాళ్ళలో ఒక్కదాన్నే. మిగతావన్నీ అలాగే ఉన్నాయి.

పైగా కొత్తగా ఒక పెద్ద మోకు తగిలించుకుంది. యురేనియం ఎప్పటికో అప్పటికి అయిపోతుంది కదా. అమెరికా వాళ్ళు 93 శాతం పైగా శుద్ధి చేసింది వాడతారు కాబట్టి, యాభై ఏళ్ళ ఆయుష్షులో ఒకేసారి, నడివయసులో, మారుస్తారు. మార్చడమంటే పొట్ట కోసి మార్చడమే. నాలుగేళ్ళ పని అని మొదలుపెడతారు. ‘జార్జ్ వాషింగ్టన్’ 2017లో డాకులోకి వెళ్ళి 2023లో బయటికొచ్చింది. ఫ్రాన్సు వాళ్ళు తక్కువ శుద్ధి చేసిన యురేనియం వాడతారు. అందుకని వాళ్ళ ‘షార్ల్ ద గాల్’కి పదేళ్ళ లోపే మార్చాలి. ఆ దేశానికున్నది అదొక్కటే. అది డాకులో ఉన్నన్నాళ్ళూ ఫ్రాన్సుకి విమానవాహక నౌక లేనట్టే. ఇంకో ముచ్చట వినండి. ఖర్చు కలిసొస్తుందని జలాంతర్గాములకి చేసిన రియాక్టర్లనే రెండు తెచ్చి అందులో పెట్టారు. ఫలితం, 2001లో వచ్చిన ఆ అణు ఓడ వేగం 27 నాట్లు, అంతకుముందు ఆయిలుతో నడిచిన వాళ్ళ పాత ఓడలు 32 నాట్లు పోయేవి!

చావు కూడా అంత తేలిక కాదు దానికి. మన పాత విక్రాంత్‌ని 2014లో విరగ్గొట్టారు. దాని ఇనుములో కొంత బజాజ్ కంపెనీ కొని, వి15 అని మోటారు సైకిలు చేసింది. 1971లో సముద్రం మీద తిరిగిన ఉక్కు పిఠాపురం రోడ్డు మీద పాలక్యాన్లు కట్టుకుని తిరిగే యోగం పట్టింది. ఎంటర్‌ప్రైజ్‌కి ఆ యోగం లేదు. 2017లో సేవ నుంచి తప్పించినా, ఎనిమిది రియాక్టర్ల మూలంగా దాన్ని ఎవరు, ఎలా విప్పాలన్నది తేలడానికే ఏళ్ళు పట్టింది.

పిలిస్తే వచ్చిన సంగతి చెబుతానన్నాను కదా. 2007 జులైలో నిమిట్జ్ చెన్నై వచ్చింది. రేవులోకి రాలేదు, బయటే లంగరేసింది. పెద్ద ఓడ దూరంగా ఆగడం, పడవల మీద రాకపోకలు సాగడం కాకినాడ వాళ్ళకి కొత్త కాదు. మన రేవులో బియ్యం బార్జీల మీద అలాగే కదా ఓడకి చేరేది. ఆ సెప్టెంబరులోనే మలబార్ నౌకాదళ విన్యాసాలకి నిమిట్జ్ బంగాళాఖాతంలో మన అప్పటి విమానవాహక నౌక ‘విరాట్’తో కలిసింది. దానికి నిరసనగా వామపక్షాలు ఒక జాతా చెన్నై నుంచీ, ఇంకోటి కలకత్తా నుంచీ నడిపి విశాఖలో కలిపాయి. మన కోస్తాలో చాలామంది అణు విమానవాహక నౌక అన్న మాట మొదటిసారి విన్నది ఆ సభల్లోనే అయ్యుంటుంది.

మరి మనం కట్టగలమా? విడివిడిగా చూస్తే ఆశ పుడుతుంది. గుండెకాయ సంగతి విశాఖ నేర్చుకుంది. ఉప్పాడకి నూటయాభై కిలోమీటర్లు కూడా ఉండదు, అక్కడి షిప్ బిల్డింగ్ సెంటర్లో ‘అరిహంత్’ జలాంతర్గామిని కట్టారు. 2009 జులై 26న ప్రధాని మన్మోహన్ సింగ్ భార్య గురుశరణ్ కౌర్ దాని మీద కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి పంపారు. లోపల 83 మెగావాట్ల రియాక్టరు 2013లో రాజుకుంది. ఓడ 2016లో నౌకాదళంలో చేరింది. నీళ్ళలోకి దింపడానికీ పనిలోకి రావడానికీ మధ్య ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళే అసలు చదువు. 2024లో దాని చెల్లెలు ‘అరిఘాత్’ కూడా విశాఖలోనే చేరింది.

ఉక్కు సంగతి హైదరాబాదు నేర్చుకుంది. మొదట్లో యుద్ధనౌకల ఉక్కు రష్యా నుంచి రావాలి. అది అందకపోయేసరికి కంచన్‌బాగ్‌లో ఉన్న డీఎంఆర్ఎల్ అనే రక్షణ లోహ పరిశోధనశాల, స్టీల్ అథారిటీతో కలిసి సొంతంగా ఉక్కు తయారు చేసింది. ఓడ ఒంటికి ఒక రకం, విమానాలు వచ్చి పడే డెక్కుకి ఇంకో రకం. వాటి పేర్లలోనే ఆ పరిశోధనశాల పొడి అక్షరాలున్నాయి, డీఎంఆర్ 249ఎ, 249బి. కొత్త విక్రాంత్ అంతా ఆ ఉక్కే.

ఒళ్ళు కట్టడం కొచ్చి నేర్చుకుంది. ఇప్పుడు ఓడని అడుగునుంచి పైదాకా వరసగా కట్టరు. ముక్కలు ముక్కలుగా షెడ్లలో కట్టి, గొట్టాలూ తీగలూ చాలావరకు అక్కడే బిగించి, క్రేనుతో డాకులోకి దింపి ఒకదానికొకటి అతుకుతారు. కొన్ని ముక్కల్ని తలకిందులుగా కూడా కడతారు. తలెత్తి పైకప్పు వెల్డింగు చేసేకన్నా వంగి నేలమీద చేస్తే అతుకు బాగా కుదురుతుంది మరి. ఫోర్డ్‌ని అలాగే సుమారు 500 ముక్కల్లో, న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో కట్టారు. 555 టన్నుల గోపురాన్ని ఒక్క ఎత్తున ఎత్తి కూర్చోబెట్టారు. కొచ్చిలో 2009లో మొదలైన విక్రాంత్ 262 మీటర్ల పొడుగు, 2,300 గదులు, 2022 సెప్టెంబరు 2న చేరింది. నడిపేది నాలుగు గ్యాస్ టర్బైన్లు, 28 నాట్ల వేగం. 2024లో అక్కడే 310 మీటర్ల కొత్త డాకు తెరిచారు. ఫోర్డ్ పొడుగు 330 పైచిలుకు. అంటే మనకున్న ఆ కొత్త డాకులోనూ అది పట్టదు. ఓడ పొడుగు కాగితం మీద గీసినవాడి ఇష్టం కాదండి, డాకు ఎంత ఉంటే అంత.

కోరంగి వైపు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఆ రేవు ఓడలు కట్టడానికి పేరు పడింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఊరినీ, ఓడల్నీ ఊడ్చేసింది. ఆ తరవాత కొయ్యా ఉంది, పనివాళ్ళూ మిగిలారు. తాళ్ళరేవు వైపు కొయ్య పడవల పని సాగుతూనే వచ్చింది. కానీ రేవు పోయాక కోరంగి మళ్ళీ కోరంగి కాలేదు. ఓడలు కట్టే విద్య మనిషి చేతిలో ఉంటుంది, అది నిలవాలంటే మాత్రం ఒడ్డు కావాలి.

ఇక లేని వాటి లెక్క. 83 మెగావాట్లది ఆరు వేల టన్నుల జలాంతర్గామికి సరిపోయింది. షార్ల్ ద గాల్‌కి 150 మెగావాట్లవి రెండుండీ వేగం చాలలేదని చెప్పుకున్నాం. మనం 65 వేల టన్నుల ఓడ అనుకుంటే రియాక్టరు ఇంకెంత పెద్దది కావాలో మీరే ఊహించండి. దాన్ని కొత్తగా గీయాలి, ముందు నేలమీద కట్టి నడిపి చూడాలి, ఆ పైన ఓడలో దించాలి. అరిహంత్ రియాక్టరుకీ ముందు కల్పాక్కంలో ఒక నమూనా కట్టి నడిపారు. కట్టడంలో ఇంకో తిరకాసు ఉంది. రియాక్టర్ల గదులు ఓడకి అడుగున, నడిమధ్యన రావాలి. వాటి కవచం బరువుకి తగ్గట్టు మిగతా ఓడంతా చుట్టూ పేర్చుకోవాలి. గ్యాస్ టర్బైను పాడైతే ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. రియాక్టరు విషయంలో ఆ మాటే లేదు, మొదట్లో జరిగిన పొరపాటు యాభై ఏళ్ళు మొయ్యాలి. 2025లో రక్షణ శాఖ బయటపెట్టిన పదిహేనేళ్ళ ప్రణాళికలో యుద్ధనౌకలకి అణుశక్తి మాట ఉంది. మాట కాగితం మీదకి రావడం మంచిదే.

నన్నడిగితే, ముందు మూడోది రానివ్వండి అంటాను. ఇప్పుడు మనకున్నవి రెండు, విక్రమాదిత్య, విక్రాంత్. నౌకాదళం వాళ్ళ లెక్క మూడు. ఒకటి రిపేరులో, ఒకటి అటో ఇటో తయారవుతూ ఉన్నా, ఒకటి సముద్రం మీద ఉండాలని. ఇది ఉప్పాడ వాళ్ళకి బాగా అర్థమయ్యే లెక్క. ఒక్కటే బోటున్నవాడు అది రిపేరుకి వెళ్ళిన రోజు ఏం తింటాడు? ఉన్న డబ్బంతా పోసి ఒకే ఒక్క అణు ఓడ కట్టుకుని, దానికి యురేనియం మార్చే ఏళ్ళల్లో ఒడ్డున కూర్చునే కన్నా, గ్యాస్ టర్బైన్లతో విక్రాంత్ లాంటిది ఇంకోటి త్వరగా కట్టుకోవడం మేలు. కొచ్చి వెల్డర్ల చేతులు ఇంకా వేడిగానే ఉన్నాయి. పదేళ్ళు ఖాళీగా కూర్చోబెడితే ఆ చేతులు గల్ఫుకి పోతాయి, తర్వాత వెతుక్కున్నా దొరకవు. ఈలోగా పెద్ద రియాక్టరు పని నేలమీద నింపాదిగా సాగనిద్దాం. కరెంటుతో విమానాన్ని విసిరే యంత్రం నేర్చుకుందాం. అది చేతికొస్తే అణు ఓడకి సగం కారణం అప్పుడు పుడుతుంది, ఎందుకంటే అంత కరెంటు అడిగేది అదే.

కాదు, ఇప్పుడే మొదలుపెడితే గానీ ఇరవై ఏళ్ళకి చేతికి రాదు అంటారా? ఆ మాటలోనూ న్యాయం ఉంది, కొట్టిపారెయ్యను. ఒకవేళ అలాగే కట్టారనుకోండి, ఎక్కడ నిలబెడతారో ముందు ఆలోచించుకోవాలి. అయిదు వేల మందికి రోజూ అన్నం, కూర పంపాలి. ఆ కాంట్రాక్టు తూర్పు తీరానికి వస్తే మాత్రం బియ్యం మనదే అవ్వాలండోయ్, ఆ విషయంలో నేను తగ్గేది లేదు.